పెరట్లో ఎక్కే చట్రం మీద పిల్లలు క్షేమంగా ఆడుకోవాలంటే ఏం చేయాలి?

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో కాస్త ఖాళీ స్థలం వదిలి ఇల్లు కట్టుకున్నవారు పెరట్లో పిల్లల కోసం ఇనుప పైపులతో ఒక ఎక్కే చట్రం, దాని పక్కన జారుడుబండ, వీలైతే ఒక ఉయ్యాల పెట్టిస్తున్నారు. దుకాణంలో కొన్నా, వెల్డింగ్ షాపులో చేయించినా, పెద్దలు చూసేది చట్రం ఎంత గట్టిగా ఉందన్నదే. కింద నేల ఎలా ఉందన్న ఆలోచన ఆఖరున వస్తుంది, చాలా ఇళ్లలో అసలు రాదు. ఈ వరుసను తిరగవేయాలని నా మనవి. ఎక్కే పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు జారి పడతారు. అలా పడినప్పుడు దుమ్ము దులుపుకొని లేస్తారా, చేయి విరుగుతుందా అన్నది ఎక్కువగా కింద ఉన్న నేలే తేలుస్తుంది.

మొదట చోటు చూడండి

చట్రం అంచుల నుంచి నాలుగు వైపులా కనీసం 1.8 మీటర్లు, అంటే 6 అడుగులు, ఖాళీగా ఉండాలి. ఆ హద్దులోకి ప్రహరీ గోడ గాని, సంపు మూత గాని, తులసికోట అంచు గాని, బోరు పైపు గాని రాకూడదు. బట్టల దండెం గురించి ప్రత్యేకంగా చెప్పాలి: పరుగెత్తే పిల్లల మెడకు, చట్రం మీది నుంచి దూకే పిల్లల ముఖానికి అది సరిగ్గా అడ్డం వస్తుంది, కనుక దాన్ని పెరటిలో మరో మూలకు మార్చండి. కరెంటు తీగల కింద ఇనుప చట్రం నిలపకండి. గోడ మీద గాజు పెంకులు గుచ్చి ఉంటే, చట్రం మీది నుంచి గోడ అందే అవకాశమే ఉండకూడదు.

ఉయ్యాలకు ముందూ వెనుకా, దాన్ని వేలాడదీసిన దూలం ఎత్తుకు రెట్టింపు చోటు కావాలి. దూలం 2 మీటర్ల ఎత్తులో ఉంటే ఇటు 4, అటు 4 మీటర్లు అన్నమాట. అంత జాగా లేని ఇంట్లో ఉయ్యాల మానుకోవడమే మంచిది. ఎక్కే చట్రానికే ఉయ్యాల తగిలించడం ఏ ఇంట్లోనూ తగదు.

వేప, మామిడి చెట్ల నీడ దొరికితే మన ఎండలకు అది వరమే, కాని కొమ్మలు చట్రానికి అందనంత దూరంలో ఉండాలి. మునగ చెట్టయితే మరింత జాగ్రత్త అవసరం. దాని కొమ్మ పెళుసు కాబట్టి పిల్లల బరువుకు కూడా పుటుక్కున విరుగుతుంది.

నేలను మెత్తగా సిద్ధం చేయండి

సిమెంటు గచ్చు, కడప బండలు, పేవర్ టైల్స్ మీద చట్రం పెట్టనే కూడదు. వేసవిలో ఎండి బిగుసుకుపోయిన మన ఎర్రమట్టి నేల కూడా పడే పిల్లవాడికి గచ్చు లాంటిదే. గడ్డి పచ్చగా కనిపించినా, తొక్కుడు పడిన చోట అది దెబ్బను ఆపలేదు. పల్చటి రబ్బరు చాపలు పరిచి సరిపెట్టుకోవడం కూడా పనికిరాదు.

అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఇళ్లలోని ఆట పరికరాలకు ఇచ్చిన సూచనలలో 23 సెంటీమీటర్ల లోతున పోసిన ఇసుక సుమారు 4 అడుగుల ఎత్తు నుంచి పడేవారిని, అంతే లోతున పరచిన చెక్క పేళ్లు సుమారు 7 అడుగుల ఎత్తు నుంచి పడేవారిని కాపాడగలవని ఉంది. ఇసుక, పేళ్లు కొన్నాళ్లకు కుంగి దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి కాబట్టి మొదటే 30 సెంటీమీటర్లు పోయాలి. లెక్క వేసి చూద్దాం: చట్రం 1.2 మీటర్ల చదరం అనుకుంటే, చుట్టూ 1.8 మీటర్లు కలిపి 4.8 మీటర్ల చదరం అవుతుంది. దాన్ని 30 సెంటీమీటర్ల లోతున నింపడానికి సుమారు 7 ఘనపు మీటర్ల ఇసుక, అంటే రెండు మూడు ట్రాక్టర్ల లోడు పడుతుంది. ఇది విని చాలామంది వెనకాడతారు. అంత ఖర్చు కుదరకపోతే ఇసుక లోతు తగ్గించకండి, చట్రం ఎత్తు, వైశాల్యం తగ్గించండి. 3 అడుగుల చట్రం మీద కూడా పిల్లలు మనసారా ఆడుకుంటారు.

ఇసుక కొనేటప్పుడు మట్టి కలవని నది ఇసుకనే అడగండి. క్రషర్‌లో కొట్టిన రాతి ఇసుక రేణువులు కోసుగా ఉండి ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయి, అందువల్ల కొద్ది రోజులకే గట్టిపడుతుంది. వేరుశనగ పొట్టు మన వైపు చవకగా దొరుకుతుంది గాని వానకు కుళ్లి, చెదలకు నెలవవుతుంది. గుంతలో నీళ్లు నిలవకుండా అడుగున ఒకవైపు వాలు పెట్టి, చుట్టూ చెక్కతోనో పాత టైర్లతోనో గట్టు కట్టండి. చట్రం కాళ్ల మీద ఇసుక 23 సెంటీమీటర్లు ఉండవలసిన మట్టం దగ్గర రంగుతో ఒక గీత గీసి ఉంచితే, ఇసుక ఎప్పుడు తగ్గిందో ఇంట్లో ఎవరికైనా తెలుస్తుంది. వారానికి ఒకసారి పారతో తిరగవేయండి. జారుడుబండ కింద, ఉయ్యాల కింద గుంటలు త్వరగా పడతాయి. రాత్రిళ్లు పట్ట కప్పితే పిల్లులు పాడు చేయవు, పొద్దున పట్ట తీసేటప్పుడు తేళ్లు, జెర్రులు ఉన్నాయేమో చూసే అవకాశమూ దొరుకుతుంది.

చట్రాన్ని టేపుతో కొలవండి

పిల్లలు పట్టుకునే అడ్డకమ్మి వారి గుప్పిటలో ఇమడాలి. వ్యాసం 2.5 నుంచి 4 సెంటీమీటర్ల లోపు ఉంటే పట్టు చిక్కుతుంది. ముప్పావు అంగుళం జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) బయటి వ్యాసం సుమారు 2.7, అంగుళం పైపుది సుమారు 3.4 సెంటీమీటర్లు కనుక వెల్డర్‌తో ఈ రెండింటిలో ఒకటి వాడమని చెప్పండి. లావుపాటి పైపు గట్టిదని మేస్త్రీ అన్నా, అడ్డకమ్ములకు ఒప్పుకోకండి.

ఇంతకన్నా ముఖ్యమైనది కమ్ముల మధ్య సందు. 9 సెంటీమీటర్లకు ఎక్కువగా, 23 సెంటీమీటర్లకు తక్కువగా ఉన్న ఏ సందులోనైనా చిన్నపిల్లల ఒళ్లు కాళ్లవైపు నుంచి దూరిపోయి తల ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. అప్పుడు పిల్లవాడు మెడతో వేలాడతాడు. మెట్ల మధ్య, పై వేదిక కటకటాల మధ్య, మూలల్లో ప్రతి సందునూ కొలిచి, ఈ హద్దులో పడ్డ వాటిని మరో కమ్మి వేయించి మూయించండి.

కాళ్లను కాంక్రీటులో పాతించి, ఆ కాంక్రీటు పైభాగం ఇసుక అడుగున ఉండేలా చూడండి. బోల్టుల మొనలు రెండు మర చుట్ల కన్నా ఎక్కువ బయటికి రాకూడదు. తెరిచి ఉన్న పైపు చివరలకు మూతలు బిగించాలి, లేకపోతే కందిరీగలు వాటిలో గూడు పెడతాయి. రంగు కొనేటప్పుడు సీసం లేనిదని డబ్బా మీద ఉందో లేదో చదవండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించరాదని మన దేశంలో 2016 నాటి నియమాలు చెబుతున్నాయి. పిల్లలు కమ్మిని నోట పెట్టుకుంటారు కనుక ఈ శ్రమ అవసరమే.

ఎక్కే ముందు ఒంటి మీద చూడండి

బడి నుంచి రాగానే మెడలోని ఐడీ కార్డు తాడు తీయించాలి. చున్నీ, మెడలో దారం, గొలుసు, వేలాడే మొలతాడు, హుడీ తాళ్లు, ఇవన్నీ కమ్మికి తగులుకొని మెడనో నడుమునో బిగించేవే. సైకిల్ హెల్మెట్ కూడా తీసెయ్యాలి. సైకిలు మీద తలను కాపాడే ఆ హెల్మెట్టే చట్రం సందులో ఇరుక్కొని మెడకు ఉరి అవుతుంది. స్కిప్పింగ్ తాడు, పాత చీర చట్రానికి కట్టి ఉయ్యాల ఊగనివ్వకండి. చీర మెలిపడితే విడిపించుకొనే బలం పిల్లలకు ఉండదు.

ఎండాకాలంలో ఇనుప కమ్మి, ఇనుప జారుడుబండ లేత చర్మాన్ని కాల్చేంత వేడెక్కుతాయి. మీ అరచేయి కొన్ని క్షణాలు ఆనించి ఉంచలేకపోతే అది ఆటకు వేళ కాదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 8 లోపు, సాయంత్రం 5 దాటాక మాత్రమే వదలండి.

దగ్గర ఒక పెద్ద మనిషి ఉండాలి

నాలుగేళ్ల లోపు పిల్లలను చేతులతో వేలాడుతూ దాటే కమ్ముల మీదకు పంపకండి. తనంతట తాను ఎక్కలేని మెట్టు మీద ఎత్తి కూర్చోబెట్టవద్దు. సొంతంగా ఎక్కగలిగిన పిల్లకు దిగడం కూడా చాలావరకు తెలుసు, ఎత్తి పెట్టిన పిల్లకు తెలియదు. జారుడుబండ మీద చంటిపిల్లను ఒళ్లో పెట్టుకొని జారడం ప్రేమతో చేసే పనే అయినా, పిల్ల కాలు పక్కగోడకు తట్టుకుంటే పెద్దవారి బరువంతా ఆ కాలి మీద పడి ఎముక విరుగుతుంది. “పడతావ్, పడతావ్” అని అరిస్తే పిల్లలు బెదిరి పట్టు వదులుతారు. “కుడికాలు కింది కమ్మి మీద పెట్టు నాన్నా” అంటే వారికి పనికొస్తుంది.

వానల ముందూ తరువాతా తనిఖీ చేయండి

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాటికి ముందూ, తరువాతా పైపు నేలలో దిగే చోట ఇసుక తవ్వి చూడాలి, తుప్పు మొదట తినేది అక్కడే. చెక్క చట్రమైతే అదే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి, మెత్తగా దిగితే చెదలు పట్టిందనో, చెక్క పుచ్చిందనో అర్థం.

పడితే ఏం చేయాలి?

తల మీద పడి స్పృహ తప్పినా, వాంతులైనా, మత్తుగా ఉన్నా, చెవి నుంచి నీరు కారినా, మెడ నొప్పి అన్నా కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. చేయి చాచి పడిన పిల్లలకు మోచేతి పైభాగంలో ఎముక విరగడం ఎక్కువ. ఆ చేతిని లాగకండి, రుద్దకండి. ఉన్న భంగిమలోనే అట్టముక్క, తువ్వాలుతో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. శస్త్రచికిత్స అవసరం పడవచ్చు కాబట్టి ఈలోగా తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి.

మన ప్రాంతంలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు (పుత్తూరులో నాటు వైద్యులు వేసే ఎముకల కట్టు) గుర్తుకు రావడం సహజం, ఆ పేరు పక్క రాష్ట్రాల దాకా తెలుసు. అయితే పిల్లల మోచేతి దగ్గర విరిగిన ఎముక పక్కనే చేతికి రక్తం తీసుకువెళ్లే పెద్ద నాళం, నరాలు ఉంటాయి. వాపు పెరుగుతుండగా బిగుతుగా కట్టు పడితే రక్తం ఆగి చేయి శాశ్వతంగా వంకర పోగలదు. అందువల్ల మొదట ఎక్స్‌రే, ఎముకల డాక్టరు పరీక్ష జరగాలి. దారి పొడవునా ఆ చేతి వేళ్లను తాకి చూస్తూ ఉండండి. చల్లబడినా, పాలిపోయినా, కదపలేకపోయినా, తిమ్మిరి అన్నా డాక్టరుకు చెప్పవలసిన మొదటి మాట అదే.