వినిపించే మాటకు తగ్గట్టు తెర మీద అక్షరాలు కదిలించడం ఎలా?

పండక్కి ఊరెళ్లలేకపోయిన ఏడాది అమ్మమ్మ వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపింది. ఏడు సెకన్లు. "పండక్కి రాకపోయినా ఫర్వాలేదులే నాన్నా... వేళకి తిను." బెంగళూరు మారతహళ్లిలో పీజీ గదిలో కూర్చుని దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాటల్ని తెర మీద అక్షరాలుగా నడిపించాలనిపించి, ఆ ఏడు సెకన్ల మీదే ఈ పని నేర్చుకున్నాను. మీరూ చిన్నదానితోనే మొదలుపెట్టండి, పది సెకన్లు దాటొద్దు.

ముందు ఆడియో. మీ గొంతే రికార్డ్ చేస్తుంటే ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, రింగ్ రోడ్ రొద తగ్గాక రాత్రిపూట చేయండి. ఫైల్‌ని 48 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫైల్‌గా మార్చుకోండి, వీడియోకి అదే మామూలు. ఇక సాఫ్ట్‌వేర్ తెరవకుండా కళ్లు మూసుకుని నాలుగైదుసార్లు వినండి. ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, ఏ అక్షరం సాగింది, గొంతు ఎక్కడ దిగింది అన్నది కాగితం మీద గీతలతో గుర్తు పెట్టుకోండి. అమ్మమ్మ "ఫర్వాలేదులే" అంటుంది కానీ ఆ "లే" దగ్గర గొంతు జారిపోతుంది. మాటకి అర్థం ఒకటి, గొంతు చెప్పేది ఇంకొకటి. అక్షరం గొంతు వెంట వెళ్లాలి. నేను మొదటిసారి "ఫర్వాలేదులే"ని హుషారుగా ఎగిరేలా చేశాను, చూస్తే అది మా అమ్మమ్మ మాటలాగే లేదు.

తర్వాత టైమింగ్. ఆడాసిటీ అని ఆడియో ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. ఆడియో ప్లే అవుతుండగా ప్రతి మాట మొదలయ్యే చోట కంట్రోల్, ఎం కలిపి నొక్కితే లేబుల్, అంటే ఒక గుర్తు, పడుతుంది. వీడియో ఎడిట్ చేసే డావిన్చీ రిజాల్వ్‌లో అయితే ఎం ఒక్కటే చాలు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వద్దు, వాటిలో శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది, మీ గుర్తులన్నీ ఆలస్యంగా పడతాయి (నాకు ఒక సాయంత్రమంతా ఇలాగే పోయింది). వైరు ఉన్నవే వాడండి. రెండు, విని వేలు నొక్కేసరికి మనకి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. సెకనుకి 25 ఫ్రేములు (వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రం ఒక ఫ్రేము) అయితే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు, అంటే ఐదు ఫ్రేములు ఆలస్యం. కాబట్టి తర్వాత వేవ్‌ఫామ్‌ని (శబ్దాన్ని గీతగా చూపించే బొమ్మని) పెద్దది చేసి, గీత లేచిన చోటికి ప్రతి గుర్తునీ జరపాలి. విసుగు పుట్టించే పని, కానీ వీడియో బతికేది ఇక్కడే.

అక్షరాన్ని శబ్దం కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందు రానివ్వండి. దూరంగా చాకిరేవులో బట్ట బండ మీద పడడం కనబడ్డాకే కదా చప్పుడు వినిపించేది, అందుకని కన్ను ముందు, చెవి వెనక అయితే మనకి తేడా అనిపించదు. అదే మాట వినబడ్డాక అక్షరం వస్తే వెంటనే పట్టేస్తాం. అలాగని వాక్యం మొత్తం ఒకేసారి చూపించకండి. తెలుగులో క్రియ చివర వస్తుంది, "వస్తాను" అనో "రాను" అనో అక్కడే తేలుతుంది, దాన్ని ముందే చదివేస్తే ఇక వినడానికి ఏముంటుంది?

ఇప్పుడు తెలుగుకే ఉన్న చిక్కు. చాలా పాఠాల్లో ఒక్కో అక్షరాన్ని విడిగా ఎగరేయమంటారు. ఇంగ్లిష్‌కి కుదురుతుంది. మనకి అలా చేస్తే ఒత్తులు ఒకచోట, గుడిదీర్ఘాలు ఒకచోట పడే ప్రమాదం ఉంది. పని మొదలుపెట్టేముందే "స్త్రీ", "జ్యోత్స్న" అని టైప్ చేసి చూడండి. విరిగిపోతే, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే టైప్ సెట్టింగ్స్‌లో సౌత్ ఏషియన్ ఇంజిన్ ఉంటే ఎంచుకోండి, అక్షరాల్ని కదిలించే టెక్స్ట్ యానిమేటర్‌లో "బేస్డ్ ఆన్" దగ్గర క్యారెక్టర్స్ తీసేసి వర్డ్స్ పెట్టండి. అయినా కుదరకపోతే బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మాటా రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా తీసుకుని బొమ్మలాగే కదపండి. నాకు ఇదే అన్నిటికన్నా నమ్మకంగా ఉంది.

ఫాంట్ గొంతుని బట్టి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర బొద్దుగా ఉంటుంది, గట్టిగా అరిచే మాటకి సరిపోతుంది. నోటో సాన్స్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు దాకా ఉన్నాయి కాబట్టి ఒకే మాట మెల్లగా లావెక్కేలా చేయొచ్చు. మనకి క్యాపిటల్ అక్షరాలు లేవు, గట్టిదనం సైజుతోనో లావుతోనో చూపించాల్సిందే. వరుసల మధ్య చోటు ఎక్కువే వదలండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి.

కదలిక తక్కువగా ఉంటేనే బాగుంటుంది. మాట రావడానికి నాలుగు నుంచి ఆరు ఫ్రేములు చాలు, చివర్లో నెమ్మదించేలా ఈజ్ పెట్టండి. సాగిన అక్షరం ఉంటే ఆ సాగినంతసేపూ మాట కొంచెం కొంచెంగా పక్కకి సాగాలి. అమ్మమ్మ "లే"కి నేను చేసింది ఇంతే: మాట మొత్తం పన్నెండు ఫ్రేముల్లో కాస్త కిందికి దిగుతుంది, రంగు కొద్దిగా వెలిసిపోతుంది. "నాన్నా" తర్వాత మౌనం ఉంది, అక్కడ ఏదీ కదలదు. ఆ ఖాళీని ఏదో ఒకటి చేసి నింపాలన్న ఆత్రం ఉంటుంది, ఆపుకోండి. "వేళకి తిను" చిన్న అక్షరాల్లో, కదలకుండా, మెల్లగా కనబడుతుంది.

అయ్యాక సౌండ్ తీసేసి ఒకసారి చూడండి. ఎవరు ఎలా మాట్లాడుతున్నారో అక్షరాల్ని బట్టే తెలియాలి. ఫోన్ కోసమైతే 1080 బై 1920 సైజు, కింది భాగంలో యాప్ బటన్లు పడతాయి కాబట్టి మాటల్ని నడిమికి తెచ్చుకోండి.

చివరి మాట అయిపోగానే తెర ఖాళీ చేసేయకండి, కనీసం ఒక సెకను ఉంచండి. మా క్లిప్‌లో "తిను" తర్వాత అమ్మమ్మ ఫోన్ కింద పెట్టిన చప్పుడు ఉంది. అంతదాకా ఉంచాను, ఆ చప్పుడుతోపాటే అక్షరాలు పోతాయి.