గడప దాటాక – మూడో పాఠం: ఫోన్ సంగతి

పోయినసారి కాగితాల సంచి సర్దుకున్నాం. ఈసారి ఫోన్. హింసించే భర్తని వదిలి బయటికి వచ్చేసే ఆడవాళ్ల కోసం ఈ పాఠాలు, మీరెక్కడున్నారో ఫోన్ అతనికి చెప్పకుండా చూసుకోవడం ఇవాళ్టి పని. ఒక సాయంత్రం పూర్తిగా దీనికే పెట్టుకోండి, హడావిడిలో చేస్తే ఏదో ఒకటి మిగిలిపోతుంది.

మలక్‌పేటలో ఇల్లు వదిలి కూకట్‌పల్లి హాస్టల్‌కి వచ్చేసిన ఒకావిడ సంగతి చెప్తాను. మొదటిరోజే సిమ్ విరిచి పారేసింది. అయినా వారం తిరక్కుండానే భర్త హాస్టల్ గేటు దగ్గర ప్రత్యక్షం. ఎవరు చెప్పుంటారా అని పాపం రూమ్మేట్లందర్నీ అనుమానించింది. ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఆమె జీమెయిల్ తెరిచే ఉంది. క్యాబ్ రసీదు అందులో పడింది, దిగిన చోటుతో సహా.

అందుకే సిమ్ కంటే ముందు అకౌంట్లు. ఈ పని మీ ఫోన్లో కాదు, నమ్మకమైన స్నేహితురాలి ఫోన్లో చేయండి. మీ ఫోన్ ఎప్పుడైనా అతని చేతిలో ఉండి ఉంటే, అందులో ఏం దించాడో మనకి తెలియదు.

గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చండి. సెక్యూరిటీలోకి వెళ్లి, ఏయే పరికరాల్లో లాగిన్ అయి ఉందో చూసి మీవి కానివన్నీ తీసేయండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు కిటుకు రికవరీ నంబర్‌లో ఉంది, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే గూగుల్ కోడ్ పంపే నంబర్. అక్కడ అతని నంబర్ ఉంటే మీరెంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా దాన్ని మార్చేసుకునే దారి అతనికి ఉన్నట్టే. రికవరీ ఈమెయిల్ కూడా చూడండి. తర్వాత వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (మీ వాట్సాప్ ఇంకెక్కడ తెరిచి ఉందో చూపించేది), మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, క్యాబ్, ఫుడ్ యాప్‌ల పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్. వీటిలో వాట్సాప్, యూపీఐ పని మాత్రం మీ సొంత ఫోన్లోనే కుదురుతుంది. జాయింట్ అకౌంట్ కార్డు మాత్రం వాడొద్దు. ఏ ఏటీఎమ్‌లో తీశారో స్టేట్‌మెంట్ చెప్పేస్తుంది.

ఇప్పుడు సిమ్. మన ఇళ్లలో ఆడవాళ్ల సిమ్ చాలాసార్లు భర్త ఆధార్ మీదే ఉంటుంది. అలాంటప్పుడు అతను డూప్లికేట్ సిమ్ తీసుకున్నాడంటే మీ ఓటీపీలన్నీ అతనికే. మీ పేరు మీద కొత్తది తీసుకుని బ్యాంకులో, ఆధార్‌లో ఆ నంబరే ఇవ్వండి.

పాత సిమ్ పారేయడం నాకు నచ్చదు. బెదిరింపులు వచ్చేది దానికే, అవి మీకు సాక్ష్యం. పాత ఫోన్లోనే ఉంచి, స్విచాఫ్ చేసి దాచండి. చూడాలనిపిస్తే మీరుండే చోటికి దూరంగా వెళ్లి ఆన్ చేయండి. ఒక్క మెసేజ్ కూడా చెరపొద్దు. నంబర్, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి స్నేహితురాలికి పంపండి.

అవి ఎక్కడ పనికొస్తాయంటే, 2005 గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు అడిగినప్పుడు. ఫోన్, మెసేజ్‌ల ద్వారా కూడా మిమ్మల్ని పలకరించకూడదని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కేసు కోసం వదిలొచ్చిన ఇంటి వైపు వెళ్లక్కర్లేదు, మీరు తాత్కాలికంగా ఉంటున్న ప్రాంతం కోర్టులోనే వేయవచ్చు. లాయర్ ఫీజు టెన్షన్ వద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది.

కొత్త ఫోన్లో పోలీసు ఎమర్జెన్సీ నంబర్ 112, మహిళల హెల్ప్‌లైన్ 181 సేవ్ చేసుకోండి. అతను ఎదురుగా ఉంటే 112కే చేయండి.

ఈ వారం హోంవర్క్: ఇవాళ రాత్రే రికవరీ నంబర్ చూడండి. మిగతావి రేపైనా సరే. వచ్చే పాఠంలో ఆఫీసు దారి, పిల్లల స్కూలు గేటు.