సింక్ దగ్గర తలుపులు ఉబ్బుతున్నాయా? ప్లైవుడ్‌ని అనేముందు ఇవి చూడండి

సింక్ కింద తలుపు ఉబ్బిందనగానే చాలామంది అనే మాట ఒకటే: "మాడ్యులర్ కిచెన్ కదా, ఇంతే. కడప బండలతో కట్టించుకుని ఉంటే పోయేది." కడప బండ గూళ్లకైనా బయట బిగించేది చెక్క తలుపులే. నీళ్లొచ్చే దారి అలాగే ఉంటే అవీ ఉబ్బుతాయి. కాబట్టి ముందు ఉబ్బు ఎక్కడుందో చూడండి. డబ్బా (తలుపులు బిగించిన చెక్క పెట్టె) అడుగునా, తలుపు కింది అంచునా, పై అంచునా? సగం కారణం అక్కడే తెలిసిపోతుంది.

డబ్బా అడుగు ఉబ్బితే

కారణం దాదాపు ఎప్పుడూ సింక్ వేస్ట్ పైపు జాయింటే. "ట్యాప్ తిప్పి చూశాం, కారడం లేదు" అంటారు. ట్యాప్ తిప్పితే సరిపోదు. సింక్ రంధ్రం మూసి నిండా నీళ్లు పట్టండి. పైపు కింద పొడి న్యూస్‌పేపర్ పరిచి, మూత ఒక్కసారిగా తీయండి. నీళ్లు బరువుగా దిగేటప్పుడే లీకు బయటపడుతుంది. పేపర్ తడిస్తే వాషర్ మార్చి బిగించండి. దయచేసి ఈ పరీక్ష చేశాకే ఎవరినైనా పిలవండి.

పైపుల కోసం డబ్బాకు కోసిన రంధ్రాల అంచులు కూడా చూడండి. ఏమీ పూయకుండా కోసిన చెక్కను అలాగే వదిలేసి ఉంటే, డబ్బా ఆరాక సిలికాన్‌తో మూసేయండి.

తలుపు కింది అంచు ఉబ్బితే

నేల కడిగే నీళ్లు. డబ్బాలకు నాలుగంగుళాల పీవీసీ కాళ్లు ఉండాలి. నేల మీదే కూర్చోబెట్టి ఉంటే ఆ వంటిల్లు బకెట్ నీళ్లతో కడగడం మానేసి, తడిగుడ్డ పెట్టండి.

తలుపు పై అంచు ఉబ్బి, సన్‌మైకా లేస్తుంటే

అందరూ బోల్తా పడేది ఇక్కడే. సింక్ కారదు, పైపు కారదు, నేల పొడిగానే ఉంటుంది. తలుపు మారుస్తారు. కొత్తదీ కొన్నాళ్లకు అలాగే లేస్తుంది. ఈసారి ఖరీదైన ప్లై వేయిస్తారు, అదీ లేస్తుంది.

తప్పు చెక్కది కాదు, పైనున్న గ్రానైట్‌ది. గిన్నెలు తోమేటప్పుడు సింక్ ముందున్న రాయి మీద నీళ్లు పడతాయి. అవి అంచు దాటాక నేరుగా కిందికి రాలాలి. కానీ రాలవు. రాయి అడుగుభాగాన్ని అంటుకుని లోపలికి పాకి, తలుపు పై అంచు మీద దిగుతాయి. అంచును పైనా కిందా గుండ్రంగా మోల్డింగ్ చేయిస్తే ఇంకా సులువుగా పాకుతాయి. కింది మూల పదునుగా ఉంటే కొంత నయం.

సన్‌షేడ్ పోసేటప్పుడు మేస్త్రీలు అడుగున అంచు పొడవునా ఒక గాడి వదులుతారు. పాకొచ్చిన నీళ్లు ఆ గాడి దాటలేక అక్కడే రాలిపోతాయి. వంటగట్టుకూ అదే కావాలి. రాయి అడుగున వేలు పెట్టి తడమండి. చాలా ఇళ్లలో గాడి ఉండదు.

నమ్మకం కుదరకపోతే, రాయి అడుగున పొడి టిష్యూ పేపర్ ముక్కలు టేపుతో అంటించి, సింక్ ముందు ఒక గ్లాసు నీళ్లు ఒలకబోయండి. తలుపు వైపున్న ముక్క తడిసిందంటే కారణం దొరికినట్టే.

బిగించేసిన రాయికి ఇప్పుడు గాడి కోయించకండి. సింక్ ముందు మిగిలేది సన్నటి పట్టీ. మెషీన్ పెడితే పగిలే ప్రమాదం ఉంది. దాని బదులు రాయి అడుగు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అంచుకు అరంగుళం లోపల సిలికాన్‌ను తాడులా, తెగకుండా ఒకే వరసలో వేయండి. సింక్‌కు రెండు వైపులా అడుగు చొప్పున ఎక్కువ వేయాలి. న్యూట్రల్ సిలికాన్ అడిగి తెచ్చుకోండి. వెనిగర్ వాసన వచ్చే రకం రాతికి మరక పెట్టవచ్చు. సిలికాన్ బదులు అదే చోట అల్యూమినియం ఎల్-యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) అతికించినా పని జరుగుతుంది.

ఆ తర్వాతే తలుపు సంగతి. ప్లై అయితే ఎండనిచ్చి, జిగురు పెట్టి క్లాంపు బిగించి, పై అంచుకు పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ (అంచును మూసే ప్లాస్టిక్ పట్టీ) వేయించండి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఒకసారి ఉబ్బితే మళ్లీ అణగవు, మార్చాల్సిందే.

మిగతావి

తలుపు వాలితే ముందు కీలు స్క్రూలు తిప్పి చూడండి. వెనక చెక్క తడిగా ఉంటే గోడ అవతల బాత్రూమ్ ఉందేమో చూసుకోండి. చెదలు అరుదు, చూడగానే తెలుస్తాయి.

ఇంకా ఏదీ కట్టించనివాళ్లకు

మొత్తం మాడ్యులరా, మొత్తం కడప బండా అని తేల్చుకోలేక టెన్షన్ పడొద్దు. సింక్ కింద, సిలిండర్ దగ్గర కడప బండ గూళ్లు కట్టించండి. తడిసినా వాటికేం కాదు. డ్రాయర్లు ఉండేచోట మాడ్యులర్ డబ్బాలు మేలు. కట్టిన గూడు మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు రావడం కష్టం, డ్రాయర్ పట్టాలకు అది తప్పనిసరి. సింక్ దగ్గరి తలుపులకు ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై అడగండి. అది మరిగే నీళ్లలో 72 గంటల పరీక్షకు నిలవాల్సిన రకం. అయితే ఆ పరీక్ష లోపలి జిగురు పొరలకే. పైన మనం అతికించే సన్‌మైకాకు కాదు.

రాయి కోయకముందే గ్రానైట్ పనివాళ్లకు చెప్పండి: గట్టు తలుపుల కంటే అంగుళం ముందుకు రావాలి, అడుగున అంచుకు అరంగుళం లోపల నాలుగు మిల్లీమీటర్ల లోతు గాడి ఉండాలి. రాయి తిరగేసి ఉన్నప్పుడు ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. బిగించే రోజు దగ్గరుండి, రాయి ఎత్తకముందే ఆ గాడి చూసుకోండి.