పాత చెట్టుకోత మిషన్: తాడు లాగే ముందు గాలి సంగతి తేల్చుకోండి

దేవరకొండ, అచ్చంపేట వైపు సామిల్లుల వెనక, మామిడి తోటల కొట్టాల్లో పాత చెట్టుకోత మిషన్లు మూలన పడి కనిపిస్తుంటాయి. అలాంటిది చేతికి రాగానే అందరూ చేసేది ఒకటే. పెట్రోలు పోసి, ప్లగ్గు తుడిచి, తాడు లాగుతారు. చాలాసార్లు స్టార్ట్ అవుతుంది కూడా. మిషన్ చచ్చేది అక్కడే. ఏళ్ల తరబడి ఊరికే ఉన్న క్రాంకు సీళ్లు (ఇంజన్ షాఫ్టు చుట్టూ గాలి దూరకుండా ఉండే రబ్బరు రింగులు) బిరుసెక్కి, షాఫ్టు పక్కనుంచి గాలిని లోపలికి పీలుస్తాయి. ఆ దొంగ గాలి వెంట పెట్రోలు రాదు. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలులోనే కలిసి ఉంటుంది కాబట్టి ఆయిలూ తగ్గిపోతుంది. పది నిమిషాల్లో పిస్టన్ సిలిండర్‌ను గీరేస్తుంది. స్టిల్ కంపెనీ 070 లాంటి 106 సీసీ మొండి మిషన్‌కైనా ఇదే గతి.

ముందు సైలెన్సర్ విప్పండి

రెండు మూడు బోల్టుల పని, దాంతో సగం జాతకం తెలుస్తుంది. టార్చి వేసి పోర్టులోంచి, అంటే పొగ బయటికొచ్చే రంధ్రంలోంచి, పిస్టన్‌ను చూడండి. పక్కలు నున్నగా ఉంటే సంతోషం. సైలెన్సర్ వైపు మాత్రమే నిలువు గీతలుంటే ఆయిల్ అందక గానీ, దొంగ గాలి వల్ల గానీ పట్టేసిందని అర్థం. కార్బొరేటర్ వైపు సన్నగా, మసకగా అరిగి ఉంటే ఫిల్టర్ దాటి దుమ్ము పోయింది. మన ఎర్ర దుబ్బలో పనిచేసిన మిషన్లలో ఈ రెండోదే ఎక్కువ.

తర్వాత తాడు పిడి పట్టుకుని మిషన్‌ను మెల్లగా వేలాడదీయండి. ఆగి ఆగి దిగితే కంప్రెషన్ ఉన్నట్టే. సర్రున జారితే గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ఐదారు సార్లు లాగి చూడండి. 120 పీఎస్‌ఐ పైన ఉంటే నిశ్చింత. 90 కంటే తక్కువైతే సిలిండర్ విప్పాల్సిందే.

విప్పాక సిలిండర్ గోడకు పిస్టన్ అల్యూమినియం అంటుకుని కనిపిస్తే కంగారు పడకండి, చాలావాటిలో కింద క్రోమ్ పూత బాగానే ఉంటుంది. దీనికి బాత్రూం యాసిడ్ వాడేవాళ్లున్నారు, కానీ ఆ యాసిడ్ క్రోమ్‌ను కూడా తినేస్తుంది. కాస్టిక్ సోడా మేలు. నీళ్లలోనే సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పుల్లకు దూది చుట్టి గీతల మీద మాత్రమే అద్దండి. అల్యూమినియం ఉన్నంతసేపు బుసబుస పొంగుతుంది, అయిపోగానే ఆగుతుంది. ఎంతకీ ఆగకపోతే పూత లేచిపోయి సిలిండర్ లోహమే కరుగుతోందన్నమాట, వెంటనే కడిగేయండి. ఆ సిలిండర్ ఇక పనికిరాదు. పోర్టుల అంచుల్లో పూత ఉండదు కాబట్టి అక్కడికి చుక్క కూడా కారనివ్వొద్దు. శుభ్రంగా కడిగి ఆరబెట్టాక 400 నంబరు వాటర్ పేపర్‌తో అడ్డదిడ్డంగా రుద్దితే చాలు.

రింగును ఒంటరిగా సిలిండర్‌లోకి తోసి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలవండి. 58 మి.మీ. బోరుకు కొత్త రింగు సందు సుమారు 0.25 మి.మీ. ఉంటుంది. అంతకు మూడింతలుంటే ఆ రింగు పక్కన పెట్టేయండి. గడ్జన్ పిన్ను (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే కడ్డీ) ఊడకుండా పట్టే సర్క్లిప్పులు మాత్రం ఎప్పుడూ కొత్తవే. రూపాయలకు దొరికే తీగ ముక్క ఊడితే వేల రూపాయల సిలిండర్ పోతుంది.

గాలి పరీక్ష

ఈ పనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. బీపీ చూసే పాత మిషన్ బల్బు, గేజి చాలు. గేజి 300 మి.మీ. పాదరసం వరకు చూపిస్తుంది, అంటే 0.4 బార్. సైలెన్సర్‌నూ కార్బొరేటర్‌నూ తీసి, ఆ రెండు చోట్లా లారీ ట్యూబు రబ్బరు ముక్కలు పెట్టి బిగించండి. ప్లగ్గు బిగించే ఉంచాలి. కార్బొరేటర్ వైపు రబ్బరుకు సన్నని గొట్టం దూర్చి బల్బు కలపండి. ఇంపల్స్ గొట్టం (ఇంజన్ లోపలి గాలి ఊపును కార్బొరేటర్ పంపుకు చేర్చేది) వేరుగా ఉన్న మిషన్లలో దాన్ని మూసేయడం మరవొద్దు.

ముల్లు 250 దగ్గరికి వచ్చేదాకా ఊదండి. అర నిమిషం కదలకుండా నిలిస్తే మంచిదే. పడిపోతుంటే సబ్బు నీళ్లు తీసుకుని ఫ్లైవీల్ వెనక సీలు, క్లచ్ వెనక సీలు, సిలిండర్ కింద గాస్కెట్, ప్లగ్గు చుట్టూ పూయండి. బుడగ వచ్చిన చోటే రోగం. సీళ్ల దగ్గరికి చేరాలంటే ఫ్లైవీల్, క్లచ్ ముందే ఊడదీయాలి. చాలా మిషన్లలో క్లచ్ మర ఎడమ చేతిది, మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడుతుంది. పిస్టన్‌ను ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడు దూర్చండి. పిస్టన్ పైకొస్తూ సైలెన్సర్ పోర్టు మూసుకున్నాకే తాడు వేయాలి, లేకపోతే తాడు పోర్టులో ఇరుక్కుని తెగుతుంది.

ఊదితే నిలిచిన సీలు కూడా పీలిస్తే కారొచ్చు, ఎందుకంటే సీలు పెదవి ఒక వైపుకే బిగుస్తుంది. కార్ల బ్రేకు ఆయిల్‌ను బయటికి లాగడానికి వాడే చేతి వాక్యూమ్ పంపు మెకానిక్ దగ్గర దొరికితే 0.5 బార్ వరకు పీల్చి అదే అర నిమిషం చూడండి. ఈ రెండో పరీక్ష వదిలేసినవాళ్లే, అన్నీ చూశాం అయినా పట్టేసింది అంటుంటారు.

పాత సీలును పీకేటప్పుడు షాఫ్టు మీద గీత పడకూడదు. సీలుకు చిన్న మరమేకు ఎక్కించి దాన్ని పట్టుకారుతో లాగండి. సీలు ముఖం మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అచ్చయి ఉంటాయి. ఆ కొలతలు రాసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగు షాపుల్లో అడగండి. పెట్రోలు తట్టుకునే రబ్బరే కావాలని చెప్పాలి.

కరెంటు

రాజ్‌దూత్, లూనా బాగుచేసిన మెకానిక్‌కు ఇందులో కొత్తేమీ లేదు. సీబీ పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును తెంచి కలిపే ముక్కలు) 600 పేపర్‌తో తుడిచి, తర్వాత తెల్ల కాగితం మధ్యలోంచి లాగి శుభ్రం చేయండి. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్గు సందు 0.5, కాయిల్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య 0.2 నుంచి 0.3. పాయింట్లు మళ్లీ మళ్లీ నల్లబడుతుంటే కండెన్సర్ మార్చండి.

కార్బొరేటర్, పెట్రోలు

ఇందులో ఫ్లోట్ ఉండదు, పల్చటి డయాఫ్రమ్ ఉంటుంది. వేలితో నొక్కితే కాగితంలా టపటపమంటే అది చచ్చిందే. కిట్ మొత్తం మార్చండి. ఎక్కువ రకాల్లో పెద్ద డయాఫ్రమ్ వైపు బాడీకి ముందు గాస్కెట్, దాని మీద డయాఫ్రమ్ వస్తుంది. పంపు వైపు ఇది తిరగబడి డయాఫ్రమే బాడీకి ఆనుతుంది. విప్పేటప్పుడు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. జెట్టులో తీగ గుచ్చొద్దు.

బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలను అది ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలోని తడినీ పీల్చుకుంటుంది. అందుకని గొట్టం, ట్యాంకు ఫిల్టర్ కొత్తవి వేయండి. వారాల తరబడి వాడకపోతే ట్యాంకు వంపేసి, కార్బొరేటర్ ఎండి ఆగేదాకా నడపండి. కలపాల్సింది లీటరుకు 40 మి.లీ. మంచి టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్. నడిచి నడిచి పది నిమిషాలకు ఆగి, మూత తీస్తే బుస్సుమని, మళ్లీ స్టార్ట్ అయితే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుందని గుర్తు.

ట్యూనింగ్‌కు కార్బొరేటర్ మీది ఎల్ (తక్కువ స్పీడు పెట్రోలు), ఎచ్ (ఫుల్ స్పీడు పెట్రోలు) స్క్రూలు మెల్లగా మూసి, ఒక్కో చుట్టు తెరవండి. బార్, చైన్ పెట్టే ఐదు నిమిషాలు వేడెక్కనివ్వండి. యాక్సిలరేటర్ నొక్కగానే తడబడకుండా అందుకునేలా ఎల్ సర్ది, చైన్ తిరగకుండా నిలిచేలా ఐడిల్ స్క్రూ పెట్టండి. ఎచ్ విషయంలోనే చెయ్యి అదుపులో ఉండాలి. లోడు లేకుండా ఫుల్ రేసులో మిషన్ కాస్త బొంగురుగా, బర్రుమంటూ తిరగాలి. మొద్దులో దించగానే ఆ బొంగురు పోయి గొంతు శుభ్రం కావాలి. లోడు లేకుండానే కీచుమని అరిస్తే పెట్రోలు తక్కువైనట్టే, వెంటనే ఎచ్ తెరవండి. ఇప్పటి చిన్న మిషన్ల కూత దీనికి రాకూడదు. మే నెల ఎండలో సర్దిన మిషన్‌ను డిసెంబరు పొద్దున అలాగే వాడొద్దు. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదే సెట్టింగుకు పెట్రోలు చాలదు, ఎచ్ ఇంకొంచెం తెరవాలి.

ఐడిల్ ఒక చోట నిలవకుండా ఎక్కుతూ దిగుతూ ఉంటే, యాక్సిలరేటర్ వదిలినా స్పీడు దిగకపోతే స్క్రూలతో కుస్తీ పట్టకండి. మళ్లీ బీపీ బల్బు తీయండి.

చైన్

.404 అంగుళాల పిచ్ (లింకుల మధ్య దూరం) చైన్‌కు 5.5 మి.మీ. ఆకురాయి, 3/8కి 5.2, .325కి 4.8. కోణం 30 డిగ్రీలు. ఎండిన సర్కారు తుమ్మ, చింత మొద్దులు పళ్లను తొందరగా మొండి చేస్తాయి కాబట్టి ట్యాంకు నింపిన ప్రతిసారీ రెండు మూడు దూసులు దూయండి. పొట్టు రాకుండా పిండి రాలుతుందంటే పదును పోయింది. స్ప్రాకెట్ మీద అరుగుడు 0.5 మి.మీ. దాటితే మార్చాలి, రెండు చైన్లకు ఒక స్ప్రాకెట్ లెక్క. బార్‌కు 40 నంబరు ఆయిల్ పోయండి. బండిలోంచి తీసిన నల్ల ఆయిల్‌లో ఇనుప రజను ఉండి ఆయిల్ పంపును తినేస్తుంది.

చాలా పాత మిషన్లకు చైన్ బ్రేకు ఉండదు. బార్ మూతి పైభాగం కొమ్మకు తగిలిందా, మిషన్ ఎగిరి మొహం మీదికే వస్తుంది. బొటనవేలు ముందు పిడి చుట్టూ మడిచి పట్టుకోండి, తల బార్‌కు సూటిగా పెట్టొద్దు, భుజం ఎత్తు దాటి కోయొద్దు. సొంత చేనులో చెట్టయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకున్నాకే కొట్టండి.

మొదటి ట్యాంకు అయ్యాక మిషన్‌ను పూర్తిగా చల్లారనిచ్చి సైలెన్సర్ బోల్టులు, సిలిండర్ బోల్టులు, కార్బొరేటర్ నట్లు మళ్లీ బిగించండి. కొత్త గాస్కెట్లు ఒదిగి అవి వదులవుతాయి. ప్లగ్గు తీసి చూస్తే లేత కాఫీ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే రెండో ట్యాంకు పోయకుండా ఆపి, గాలి పరీక్ష మొదటినుంచి చేయండి.