గడ్డం గీసుకోవడం నేర్చుకుందాం – 4వ పాఠం: క్రీముకు మెత్తని బ్రష్ ఎంచుకోవడం

పోయిన పాఠంలో క్రీము గురించి చెప్పుకున్నాం. బాదం గింజంత చాలు, కాస్త నీళ్ళు తగిలితే నురగ అదే వస్తుంది అన్నాను. బ్రష్ కొనేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఆ మాటే. గట్టి సబ్బు బిళ్ళ నుంచి నురగ తీయాలంటే దాని మీద బాగా రుద్దాలి, అందుకు బిరుసు కావాలి. అక్కడ పంది వెంట్రుకల బ్రష్ చక్కగా పనిచేస్తుంది. క్రీముకు అంత బిరుసుతో పని లేదు. కొసలు మెత్తగా ఉండాలి, కుచ్చు నీళ్ళు పట్టి ఉంచాలి. బ్యాడ్జర్ వెంట్రుకకు ఈ రెండు గుణాలూ ఉన్నాయి. బ్యాడ్జర్ అంటే బొరియలు తవ్వుకుని బతికే జంతువు, నీటికుక్కల కుటుంబానిది. బ్రష్‌లకు వాడే వెంట్రుక ఎక్కువగా చైనా నుంచి వస్తుంది.

మెత్తదనం ఎక్కడ ఉంటుందో తిరుపతివాళ్ళకు చెప్పడం తేలిక. కొండ మీద కల్యాణకట్టలో గుండు చేయించుకున్న నాలుగైదు రోజులకు తల నిమిరి చూడండి, అరచేతికి గరగరా గుచ్చుకుంటుంది. ఇంకా పుట్టువెంట్రుకలు తీయించని పసిబిడ్డ తల నిమరండి, పట్టులా జారుతుంది. పసివాళ్ళ వెంట్రుక సన్నం, అది నిజమే. కానీ దానికి కత్తి తగల్లేదన్నది కూడా అంతే ముఖ్యం. కొస తనంతట తాను సన్నబడి ఉంటుంది. గుండు తర్వాత మొలిచినదానికి కొస మొద్దుగా ఉంటుంది, అందుకే గుచ్చుకుంటుంది.

బ్రష్‌కూ ఇదే లెక్క. పని తెలిసినవాళ్ళు కొసలన్నీ పైకి ఉండేలా వెంట్రుకలు పేర్చి, కుచ్చుకు ఆకారం తెచ్చి, మొదళ్ళను మాత్రమే కత్తిరించి జిగురుతో పిడిలో బిగిస్తారు. నాసిరకం బ్రష్‌ను పైనుంచి కత్తెరేసి సమం చేస్తారు. చెంప మీద సూదుల్లా పొడిచేది అదే.

పెట్టె మీద ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని రకాలు రాసి ఉంటాయి. మామూలుగా ప్యూర్ కాస్త ముతక, సిల్వర్‌టిప్ అన్నిటికన్నా మెత్తన. సిల్వర్‌టిప్ కొసలు తెల్లగా, మధ్యలో నల్లటి పట్టీ, కింద మళ్ళీ లేత రంగు ఉంటుంది. అయితే ఈ పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, ఎవరి తూకం వాళ్ళదే. పేరు చూసి డబ్బులు పెట్టకండి.

నేను అలాగే మోసపోయాను. తిరుపతిలోనే ఒక కొట్టులో తెల్ల కొసలు, నల్ల పట్టీ చూసి మురిసిపోయి కొన్నాను. ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్ళలో ముంచితే మగ్గులో నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి. ఆ పట్టీ వేసిన రంగు! ఆ రోజు నుంచి తడిపిన తెల్ల చేతిరుమాలుతో కుచ్చు తుడిచి చూడకుండా ఏ బ్రష్షూ వాడలేదు. రంగు వేసి బ్యాడ్జర్ అని అమ్మడం కొత్త విద్య కాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుర్రపు వెంట్రుకలను బ్యాడ్జర్‌లా కనిపించేట్టు చేసి అమ్మారు. వాటిని సరిగా శుద్ధి చేయకపోవడంతో గడ్డం గీసుకున్న సైనికులకు ఆంథ్రాక్స్ సోకింది. అందుకని ఎక్కడో దొరికిన వందేళ్ళ నాటి బ్రష్‌ను ముచ్చటపడి ముఖానికి పెట్టకండి.

ఇక కొలత. కుచ్చు పిడిలోకి దిగే చోట అడ్డంగా 22 నుంచి 24 మిల్లీమీటర్లు ఉంటే మన ముఖాలకు సరిపోతుంది. మందంగా ఉండే పాత ఐదు రూపాయల బిళ్ళ వెడల్పు 23 మిల్లీమీటర్లు, దాన్ని పక్కన పెట్టి చూసుకోండి. పిడి పైనుంచి కొస దాకా ఎత్తు 50 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండనివ్వండి. అదే వెడల్పులో ఎత్తు పెరిగేకొద్దీ కుచ్చు మెత్తగా వంగుతుంది, తగ్గేకొద్దీ బిరుసెక్కుతుంది. మరీ ఎత్తైతే వాలిపోయి నురగను చెంప మీద పరచలేదు. నా మట్టుకు క్రీముకైతే బిరుసు వైపు కన్నా మెత్తన వైపు ఒక మెట్టు ఎక్కువున్నా ఫర్వాలేదు.

కొట్టులో ఉంటే పొడి బ్రష్‌నే చెంపకు ఆనించి గుండ్రంగా తిప్పండి. చేతికి కాదు, చెంపకే. అరచేతి తోలు మందం, అది నిజం చెప్పదు. పొడిగా ఉన్నప్పుడు చిన్నగా గీరుకున్నా నీళ్ళు తగిలాక తగ్గుతుంది. గుచ్చుకుంటే మాత్రం పక్కన పెట్టేయండి. తర్వాత కుచ్చును వేళ్ళతో విడదీసి వదలండి, మళ్ళీ దగ్గరికి రావాలి. జంతువు వెంట్రుక ఇష్టం లేనివాళ్ళు టెన్షన్ పడక్కర్లేదు. ఈ మధ్య వచ్చే మెత్తటి సింథటిక్ బ్రష్‌లు క్రీముతో చాలా బాగా పనిచేస్తాయి, త్వరగా ఆరతాయి కూడా. నీళ్ళు మాత్రం బ్యాడ్జర్ అంతగా పట్టవు.

వచ్చే పాఠంలో నురగ తీస్తాం, ఈలోగా బ్రష్‌ను సిద్ధం చేయండి. కొత్త బ్యాడ్జర్‌కు జంతువు వాసన ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో కాస్త షాంపూ వేసి రెండు మూడు రోజులు రోజుకోసారి కడగండి. మరిగే నీళ్ళు వద్దు, వెంట్రుకా పాడవుతుంది, జిగురూ వదులుతుంది. మొదట్లో నాలుగైదు వెంట్రుకలు రాలితే భయపడకండి. మీ ఇంట్లో బోరు నీళ్ళైతే చివరిసారి జాడించడానికి తాగే నీళ్ళు ఒక గ్లాసు వాడండి, ఉప్పు నీళ్ళ తెల్లటి పొర కుచ్చుకు పట్టదు. పిండేటప్పుడు మెలిపెట్టకుండా పిడికిట్లో మెల్లగా నొక్కి, రెండుసార్లు విదిలించి, గాలి తగిలే చోట పెట్టండి. మన ఎండాకాలంలో గంటల్లో ఆరిపోతుంది. కార్తీకం వానల్లో మాత్రం బాత్‌రూమ్‌లో వదిలేయకుండా కిటికీ దగ్గర పెట్టండి.