సొంతంగా స్టాటిస్టిక్స్ – 3వ పాఠం: పుస్తకానికే పరీక్ష పెడదాం

స్టాటిస్టిక్స్ ఎందుకు నేర్చుకుంటున్నారో పోయిన పాఠంలో ఒక్క వాక్యంలో రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈసారి పుస్తకం, కోర్సు ఎంచుకుందాం.

పాఠ్యపుస్తకాల్లో రెండు రకాలున్నాయి. క్లాసులో మాస్టారు ఉంటారన్న ధీమాతో రాసినవి కొన్ని. చదివేవాళ్ల పక్కన ఎవరూ ఉండరని తెలిసి రాసినవి మరికొన్ని. మొదటి రకం పుస్తకం నాలుగు మెట్లు ఒకేసారి దాటేసి 'దీన్ని సులభంగా చూపవచ్చు' అంటుంది. తప్పేం లేదు, మిగతాది మాస్టారు బోర్డు మీద చెప్తారని లెక్క. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న మనం సరిగ్గా అక్కడే ఆగిపోతాం. కాలేజీలో అందరూ మెచ్చుకున్న పుస్తకం ఇంటికొచ్చేసరికి కొరకరాని కొయ్య అయ్యేది ఇందుకే.

దూరవిద్య పాఠాలు రెండో రకం. 1985లో మొదలైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) పాఠాలు ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మధ్యమధ్యలో చిన్న ప్రశ్నలుంటాయి, వాటి జవాబులు యూనిట్ చివర ఉంటాయి. తెలుగులో కావాలంటే, 1982లో హైదరాబాద్‌లో పుట్టిన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకాలు వెతకండి. వీటిలో అచ్చు అందం తక్కువ, కొన్ని ఉదాహరణలు పాతబడ్డాయి కూడా. అయినా మొదట అటే చూడమంటాను.

ఇక పరీక్ష. ముందుమాట, మొదటి అధ్యాయం చూసి మోసపోకండి, అవి ఏ పుస్తకంలోనైనా తేలిగ్గానే ఉంటాయి. నేరుగా స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, ఉన్న పేజీ తెరవండి. ఈ అంకెలు తీసుకోండి: 2, 4, 4, 4, 5, 5, 7, 9. సగటు 5. ఒక్కో అంకెకీ సగటుకీ ఉన్న తేడాల వర్గాలు కలిపితే 32. దాన్ని 8తో భాగించి వర్గమూలం తీస్తే 2. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి గణితం చెప్పే పద్ధతి ఇదే. ఇప్పుడు ఎక్సెల్‌లో ఎస్‌టీడీఈవీ డాట్ ఎస్ (STDEV.S) అనే ఫంక్షన్‌తో చేయండి. సుమారు 2.14 వస్తుంది! అది 8తో కాదు, 7తో భాగిస్తుంది.

ఎందుకు 7? ఈ ప్రశ్న మీ పుస్తకాన్ని అడగండి. సూత్రం మాత్రం ఇచ్చి ఊరుకుంటే పక్కన పెట్టండి. మంచి పుస్తకం ఇలా చెప్తుంది: మన దగ్గరున్నది శాంపిల్ మాత్రమే, అంటే మనం తెలుసుకోవాలనుకునే మొత్తం గుంపు (జనాభా) నుంచి తీసిన కొన్ని అంకెలు. తేడాలు కొలిచింది ఆ శాంపిల్ సొంత సగటు నుంచి, అది ఆ అంకెలకి అన్నిటికంటే దగ్గరగా ఉండే బిందువు. అసలు జనాభా సగటు నుంచి కొలిస్తే మొత్తం సాధారణంగా ఇంకా పెద్దదయ్యేది. ఆ లోటు సరిదిద్దడానికే ఒకటి తగ్గించి భాగిస్తాం. ఈ మాత్రం వివరణకి అరపేజీ చాలు. ఆ అరపేజీ లేకపోతే తర్వాతి అధ్యాయాల్లో ఇంకెన్ని మింగేశారో!

అభ్యాసాలకి జవాబులు లేని పుస్తకం మనకొద్దు, రాసింది ఎంత పెద్దవారైనా సరే. మీరు చేసింది తప్పో ఒప్పో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు కదా.

కోర్సులకీ ఇదే కొలత. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో 4, 8, 12 వారాల కోర్సులున్నాయి. చేరడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. పరిచయ వీడియో చూసి చేరిపోకండి. మూడో వారం అసైన్‌మెంట్ తెరవండి. అన్నీ తెలిసినవే అయితే ఆ కోర్సు మీకు దండగ. ఒక్క ప్రశ్నా అర్థం కాకపోతే దానికంటే కింది కోర్సు వెతకండి. సగం అర్థమై సగం అర్థం కాకపోతే చేరండి. సర్టిఫికెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, అసలు మీరు రాసుకున్న వాక్యంలో ఆ మాట ఉంటేనే.

ఈ వారం పని: రెండు పుస్తకాలు, ఒక కోర్సు. అంతకు మించి పోగేయకండి. పై ఎనిమిది అంకెల లెక్క రెండు పుస్తకాల పద్ధతిలోనూ చేసి, '7 ఎందుకు' అన్నదానికి ఒక్కోటి ఏం చెప్పిందో మీ మాటల్లో నాలుగు వరుసలు రాయండి. నాలుగో పాఠం ఆ వరుసలతోనే మొదలవుతుంది.