కరాటేలో తొలి నెలల ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

వేసవి సెలవుల్లో కరాటేలో చేరిన పిల్లల్లో చాలామంది దసరా నాటికి మానేస్తారు. పెద్దవారి విషయంలోనూ పెద్ద తేడా ఉండదు. ఎందుకు మానేశారని అడిగితే మోకాలి నొప్పి అనో, విసుగు అనో, ఖర్చు అనో, భయం అనో చెబుతారు. వీటి మూలం విద్యార్థి అశక్తతలో కంటే చేరేముందు ఎవరూ అడగని ప్రశ్నలోనో, మొదటి నెలలో ఎవరూ దిద్దని భంగిమలోనో ఉండటమే ఎక్కువ. కాబట్టి ఇబ్బంది కనబడినప్పుడు మానేయాలా వద్దా అన్న ఆలోచన కంటే ముందు దాని కారణాన్ని వెతకాలి. ఇంకా చేరనివారు ఈ కారణాలను ముందే చదువుకుంటే వీటిలో చాలావాటిని అసలు ఎదుర్కోనవసరం ఉండదు.

"నేను అనుకున్నది ఇది కాదు"

ఆత్మరక్షణ కోసం చేరిన యువతి చేత నెలంతా గాలిలో పంచ్‌లు కొట్టిస్తారు. పోటీలకు వెళ్లాలని వచ్చిన కుర్రవాడికి కటాలు (ఒంటరిగా ఒక క్రమంలో చేసే కదలికల వరుసలు) తప్ప కుమితే (ఎదురెదురుగా తలపడటం) కనబడదు. ఒంటికి కాస్త వ్యాయామం ఉంటుందని చేరిన నలభై ఏళ్ల మనిషిని రెండో వారంలోనే జోడీ కట్టించి తలపడమంటారు. ముగ్గురూ నిరాశపడతారు, కానీ ముగ్గురి విషయంలోనూ తప్పు శిక్షణది కాకపోవచ్చు.

కరాటే అన్న పేరు ఒకటే అయినా ఆ పేరుతో నేర్పే పద్ధతులు అనేకం. ఒకినావా ద్వీపంలో పెరిగిన ఈ విద్యను అక్కడి గురువు గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించిన తరువాత అది జపాన్ ప్రధాన భూభాగంలో వ్యాపించి, గురువులను బట్టి వేర్వేరు శైలులుగా స్థిరపడింది. ఫునకోషి పరంపర అయిన షోటోకాన్‌లో పొడవైన, లోతైన భంగిమలు ఉంటాయి. చోజున్ మియాగి స్థాపించిన గోజు-ర్యులో భంగిమలు పొట్టివి, శ్వాస సాధనకు ప్రాధాన్యం ఎక్కువ. కెన్వా మబుని రూపొందించిన షిటో-ర్యులో కటాల సంఖ్య చాలా పెద్దది. హిరొనోరి ఒట్సుక స్థాపించిన వాడో-ర్యు, జుజుత్సు అనే పాత జపాన్ మల్లవిద్య ప్రభావంతో, దెబ్బను ఎదురొడ్డి ఆపడం కన్నా పక్కకు తప్పుకోవడాన్ని ఎక్కువగా నేర్పుతుంది. వీటికి భిన్నంగా మసుతత్సు ఒయామా స్థాపించిన క్యోకుషిన్‌లో దెబ్బలు నిజంగానే పూర్తి బలంతో పడతాయి. మన ఊళ్లలో కరాటే క్లాసు అని బోర్డు కట్టినచోట వీటిలో ఏది నేర్పుతున్నారో తెలుసుకోకుండానే చాలామంది ఫీజు కట్టేస్తారు.

డబ్బు కట్టేముందు రెండు క్లాసులు కూర్చుని చూడటమే దీనికి పరిష్కారం. ఒకటి కొత్తవారిది, రెండవది బ్రౌన్, బ్లాక్ బెల్టుల వారిది. రెండవదాన్ని చూస్తే రెండు మూడేళ్ల తరువాత మీరు ఏమి చేస్తుంటారో తెలుస్తుంది. తరువాత మాస్టర్‌ను మీ అవసరం గురించి సూటిగా అడగాలి: కుమితే ఏ దశలో మొదలవుతుంది, పట్టు విడిపించుకోవడం వంటివి నేర్పుతారా, పోటీలకు పంపుతారా, పంపితే ఎవరు నిర్వహించే పోటీలకు? మొదట కిహోన్ అనే ప్రాథమిక కదలికలు, తరువాత కటా, ఆ తరువాత కుమితే అనే క్రమం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది కనుక తొలి నెల పంచ్‌లతోనూ, దెబ్బను అడ్డుకునే బ్లాకులతోనూ గడిచిపోవడం లోపమేమీ కాదు.

ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సమగ్ర శిక్ష పథకం కింద 'రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్' పేరిట మూడు నెలల శిక్షణ ఇస్తారు. అంత తక్కువ వ్యవధిలో నేర్పదగిన ఆత్మరక్షణ వేరు, ఏళ్ల తరబడి క్రమంగా సాగే కరాటే వేరు. మొదటిదే మీకు కావాలంటే ఆ మాట చెప్పి అటువంటి శిక్షణనే వెతుక్కోవడం మంచిది. ఒలింపిక్ పతకాన్ని మనసులో పెట్టుకుని పిల్లలను చేర్చేవారు ఇంకొక సంగతి కూడా గుర్తించాలి: 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే ఉంది, 2024 పారిస్ క్రీడల్లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల జాబితాలోనూ లేదు.

మోకాలి నొప్పి

కొత్తవారు ఎక్కువగా చెప్పే ఇబ్బంది ఇదే, ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. "కొత్తలో అలాగే ఉంటుంది, అలవాటవుతుంది" అని సీనియర్లు ధైర్యం చెబుతారు. తొడ కండరాల నొప్పి విషయంలో ఆ మాట నిజమే. రెండు మూడు రోజుల్లో అది తగ్గిపోతుంది. కీలు నొప్పి విషయంలో మాత్రం ఆ మాట నమ్మకూడదు.

నొప్పి మోకాలి లోపలి వైపున ఉంటే ముందుగా భంగిమను అనుమానించాలి. ఒక కాలు ముందుకు వేసి వంచి నిలబడే జెంకుత్సు-దాచి భంగిమలో ముందు మోకాలు పాదం వేళ్ల దిశలోనే వంగాలి. తుంటి చుట్టూ పట్టు చాలనివారికి అది లోపలికి వాలిపోతుంది. గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే కిబా-దాచిలోనూ ఇదే జరుగుతుంది, పైగా అక్కడ రెండు మోకాళ్లూ వాలుతాయి. సీనియర్లంత లోతుగా కూర్చోవాలన్న పట్టుదల దీనికి తోడైతే శరీరం బరువంతా కీలు మీద మెలిపడుతుంది. పరిష్కారం సులభం: భంగిమ పొడవు తగ్గించండి, ఎత్తు పెంచండి, మోకాలిని పాదం చిటికెన వేలి వైపు కొద్దిగా నెట్టి పట్టుకోండి. లోతు నెలల మీద దానంతట అదే వస్తుంది. విద్యార్థి భుజాలను నొక్కి కిందికి కూర్చోబెట్టే మాస్టర్‌కు నొప్పి ఉందన్న సంగతి గౌరవంగానే, కానీ స్పష్టంగా చెప్పాలి.

తిరిగేటప్పుడు మాత్రమే నొప్పి వస్తుంటే నేలను చూడాలి. మన దగ్గర క్లాసులు సిమెంటు ఫ్లోరింగ్ మీదా, మేడల మీదా, పాఠశాల వరండాల్లోనూ జరుగుతాయి. గరుకు నేల మీదా, కొత్త రబ్బరు మ్యాట్ మీదా పాదం పట్టేసినట్టు ఆగిపోతుంది. పైన నడుము తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. పాదం ముందు తిరిగి, ఆ తరువాత బరువు దాని మీదికి వచ్చేలా మొదట నెమ్మదిగా సాధన చేయాలి. సిమెంటు మీద గెంతులు, పదే పదే దూకడాలు చేయించే క్లాసులో పిల్లలను చేర్చకపోవడమే మేలు.

పది నుంచి పదిహేనేళ్ల పిల్లలకు మోకాలి చిప్ప కింద ఉన్న ఎముక బుడిపె దగ్గర నొప్పి, వాపు వస్తే అది ఎదిగే వయసులో ఆటలాడే పిల్లలకు వచ్చే ఆస్‌గుడ్ ష్లాటర్ సమస్య కావచ్చు. దానికి భంగిమ దిద్దితే చాలదు. ఎముకల డాక్టరుకు చూపించి, దూకడాలు, లోతైన భంగిమలు కొంతకాలం మానిపించాలి.

మణికట్టు, మోచేయి, కాలి వేళ్లు

బ్యాగ్ మీద పంచ్ కొట్టగానే మణికట్టు కలుక్కుమంటే పిడికిలి సరిగా లేదని అర్థం. బొటనవేలు పిడికిలి లోపల ఉండకూడదు. చూపుడు, మధ్య వేళ్ల మీదుగా బయట ఆనాలి. దెబ్బ మొదటి రెండు కణుపులతోనే తగలాలి, ముంజేయి, చేతి వెనుక భాగం ఒకే గీతలో ఉండాలి. ఇది కుదిరేవరకు బ్యాగ్ జోలికి వెళ్లకూడదు. చిన్నపిల్లల చేత గట్టి నేల మీద కణుపులతో పుషప్స్ తీయించడం, పెంకులు పగలగొట్టించడం అనవసరమైన ప్రమాదం. వార్షికోత్సవంలో అది ఎంత ఆకర్షణీయంగా కనబడినా, ఎదిగే ఎముకలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

గాలిలో పంచ్‌లు కొట్టిన సాయంత్రం మోచేయి వెనుక నొప్పి వస్తే, ప్రతి పంచ్ చివరా చేతిని పూర్తిగా విదిలించి కీలును తాళం వేసినట్టు బిగిస్తున్నారన్నమాట. చేయి పూర్తిగా చాచుకోవడానికి కొద్దిగా ముందే కండరంతో ఆపడం నేర్చుకోవాలి. మొదటి నెలల్లో సగం బలంతో, పూర్తి శ్రద్ధతో కొట్టడం చాలు. ముందుకు తన్నే మాయె-గెరి కిక్‌లో కాలి వేళ్లు దెబ్బతింటుంటే వాటిని వెనక్కి మడవటం లేదని తెలుసుకోవాలి. తగలవలసింది వేళ్ల కింద ఉన్న మెత్తటి భాగం. గోడను పట్టుకుని మునివేళ్ల మీద లేచి నిలబడితే ఆ భాగం ఏదో పాదానికే తెలుస్తుంది.

ఆయాసం, కళ్లు తిరగడం

క్లాసుకు ముందు కడుపు నిండా తినడం, పంచ్ కొట్టినంతసేపూ ఊపిరి బిగపట్టడం, ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లు తాగకపోవడం దీనికి సాధారణ కారణాలు. భోజనానికీ క్లాసుకూ మధ్య రెండు గంటలు ఉంచి, దెబ్బతో పాటు ఊపిరి వదలడం అలవాటు చేసుకోవాలి. కొట్టేటప్పుడు వేసే కియాయ్ అనే అరుపు కూడా ఆ అలవాటుకు తోడ్పడుతుంది. క్రమశిక్షణ పేరుతో మధ్యలో నీళ్లు తాగనివ్వని చోట వేసవిలో ఎవరూ ఉండకూడదు. నలభై దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, నడిచేటప్పుడు ఛాతీలో బరువు అనిపించేవారు చేరకముందే డాక్టరును సంప్రదించాలి.

ఆరు నెలలైనా ఏమీ రానట్టు ఉండటం

వారానికి రెండు రోజులు మాత్రమే వెళ్తూ, ఇంటి దగ్గర ఏమీ చేయకపోతే ప్రతి క్లాసూ మళ్లీ మొదటి నుంచే మొదలైనట్టు ఉంటుంది. ఇది ఒక కారణం. ఒక్క మాస్టర్ ముందు యాభై అరవై మంది నిలబడే క్లాసులో ఎవరి తప్పూ ఎవరూ దిద్దకపోవడం రెండవ కారణం, అది మొదటిదానికన్నా గట్టిది. దిద్దని తప్పును వెయ్యిసార్లు చేస్తే తప్పే అలవాటవుతుంది.

మొదటిదానికి రోజూ పది నిమిషాల సాధన సరిపోతుంది. షోటోకాన్‌లో సాధారణంగా మొదట నేర్పే హెయాన్ షోదాన్ కటాలో 21 కదలికలు ఉంటాయి. వాటిని మూడు ముక్కలు చేసుకుని, ఒక ముక్క పక్కాగా వచ్చాకే రెండవదానికి వెళ్లాలి. చేతులను పక్కనపెట్టి ముందు పాదాలు, దిశలు మాత్రమే సాధన చేస్తే మరచిపోవడం బాగా తగ్గుతుంది. రెండవదానికి ఇంట్లో మందు లేదు. వరుసగా రెండు వారాలు ఒక్కసారైనా మీ భంగిమను ఎవరూ దిద్దకపోతే చిన్న బ్యాచ్‌కు మార్చమని అడగాలి, కుదరదంటే క్లాసు మార్చుకోవాలి.

బెల్ట్ టెస్టులకే డబ్బంతా పోవడం

రంగు మారిన ప్రతిసారీ టెస్ట్ ఫీజు, సర్టిఫికెట్, బెల్ట్, ఆపైన పోటీ ప్రవేశ రుసుము అంటూ అడుగుతుంటే నెల ఫీజు దాని ముందు చిన్నదైపోతుంది. మూడు నెలలకొకసారి టెస్ట్ పెట్టడం అన్నిచోట్లా మోసం కాదు. హాజరైన ప్రతివారూ ప్రతిసారీ పాస్ అవుతుంటే మాత్రం అనుమానించాలి. బెల్టుల పద్ధతి జూడో స్థాపకుడు జిగొరో కానో నుంచి వచ్చింది. కరాటేలో ఫునకోషి తొలి డాన్ (బ్లాక్ బెల్ట్ స్థాయి) పట్టాలను 1924లో ఇచ్చారు. ఎవరు ఏ దశలో ఉన్నారో చెప్పడానికి పుట్టిన ఆ గుర్తు, ఫెయిల్ అన్న మాటే లేనిచోట ఏమీ చెప్పలేదు. క్రమం తప్పకుండా సాధన చేసేవారికి కూడా బ్లాక్ బెల్ట్ రావడానికి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఏడాదిన్నరలో ఇప్పిస్తామని చేరేటప్పుడే మాట ఇచ్చేవారిని నమ్మకూడదు.

నెల ఫీజు, టెస్ట్ ఫీజు, వార్షిక సభ్యత్వం, డ్రెస్ ఖర్చు అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో చేరేనాడే కాగితం మీద రాయించుకోండి. సర్టిఫికెట్ మీద ఏ సంఘం పేరు ఉంటుందో, రేపు ఉద్యోగం మారి గుంటూరు నుంచి హైదరాబాదుకు వెళ్తే అక్కడి క్లాసులో అదే స్థాయి నుంచి కొనసాగించవచ్చో లేదో కూడా అడగాలి. డ్రెస్ నూలుది అయితే ఉతికాక కొంత కుదించుకుపోతుంది కనుక ఒక సైజు పెద్దది తీసుకోవచ్చు.

తలకు దెబ్బ తగలడం

కుమితేలో తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మగత, చూపు మసకబారడం, అడిగినదే మళ్లీ అడగడం వంటివాటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రోజుకు సాధన ఆపాలి. "ఏం కాదు, లే" అని మళ్లీ బరిలోకి దించకూడదు. డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే తిరిగి కుమితేలోకి రావాలి. కొత్తవారిని పళ్ల రక్షణ, చేతి గ్లవ్స్ లేకుండా తలపడనిచ్చే క్లాసులో తొలి ఆరు నెలలు కుమితేకు ఒప్పుకోనవసరం లేదు.

పిల్లవాడు వెళ్లనని మొండికేయడం

నిన్నటిదాకా ఉత్సాహంగా వెళ్లిన పిల్లవాడో, పాపో ఉన్నట్టుండి కడుపునొప్పి అంటే, డ్రెస్ దాచేస్తే, దాన్ని బద్ధకమని తేల్చేయకూడదు. కారణాలు చాలా ఉంటాయి. తనకన్నా పెద్దవాడితో జోడీ కట్టించి ఉండవచ్చు. కటా మరచిపోయినందుకు తోటివారు నవ్వి ఉండవచ్చు. ఇంట్లో బంధువులు వచ్చిన ప్రతిసారీ "ఏదీ, ఒక కిక్ చూపించు" అని నిలబెట్టడం కూడా పిల్లలకు ఆ విద్య మీద విరక్తి కలిగిస్తుంది. మన పెద్దలు దీన్ని ముద్దుగానే చేస్తారు, అయినా మానుకోవాలి.

ముందు నెమ్మదిగా, క్లాసు లేని రోజున అడగండి. చెప్పకపోతే వరుసగా రెండు మూడు రోజులు ముందుగా చెప్పకుండా వెళ్లి క్లాసు మొదటి నుంచి చివరిదాకా కూర్చోండి. కర్రతో కొట్టడం, ఎండలో నిలబెట్టడం, అవమానకరమైన మాటలు శిక్షణలో భాగం కావు. జోడీ గురించో, భయం గురించో అయితే మాస్టర్‌తో మాట్లాడితే చాలా సందర్భాల్లో సర్దుకుంటుంది. మంచి మాస్టర్ ఆ మాటకు నొచ్చుకోరు.

తల్లిదండ్రులు లోపలికి రాకూడదని నియమం పెట్టేచోట, ఒక్క విద్యార్థినే తలుపు మూసిన గదిలో ప్రత్యేకంగా నేర్పుతామనేచోట పిల్లలను చేర్చకండి. భంగిమ దిద్దడానికి చేయి, భుజం, పాదం తాకవలసి వస్తుంది. అది అందరి ఎదుటా, చెప్పి చేసేదిగా ఉండాలి. పిల్లలు అంతకు మించిన స్పర్శ గురించి ఒక్క మాట చెప్పినా నమ్మి వినాలి, ఆ రోజు నుంచే పంపడం మానేయాలి. 1098 చైల్డ్‌లైన్‌కు గాని పోలీసులకు గాని తెలియజేయాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అటువంటి ఫిర్యాదును పోలీసులు నమోదు చేసుకోవలసిందే, పిల్లల పేరు బయటపెట్టకూడదు. అటుపైన కరాటే కొనసాగించాలా, వేరే చోట చేరాలా, అసలు వద్దా అన్నది ఆ బిడ్డ ఇష్టానికే వదిలేయాలి. కట్టిన ఫీజు, సగంలో ఉన్న బెల్ట్ ఆ నిర్ణయంలోకి రాకూడదు.